తిరునళ్ళారు దాకా వెళ్తున్నారా? తరంగంబాడికి ఒక రాత్రి కేటాయించండి

హైదరాబాద్ నుంచి ఆ దారిలో ఏటా ఎన్ని బస్సులు, టెంపో ట్రావెలర్లు వెళ్తాయో లెక్కలేదు. శనివారం తిరునళ్ళారు శనీశ్వరుడు, మర్నాడు కీళపెరుంపళ్ళం కేతువు, తిరువెంకాడు బుధుడు. అమ్మానాన్నల షష్టిపూర్తికి తిరుక్కడైయూర్. మరికొందరికి వేళాంకణి, ఇంకొందరికి నాగూరు దర్గా. వీళ్లందరి బండ్లూ తమిళనాడు తీరంలోని తరంగంబాడి పక్క నుంచే పోతాయి. హైవే మీంచి సముద్రం వైపు తిరిగి కిలోమీటరు నడిస్తే 1620లో డెన్మార్క్ వాళ్లు కట్టిన కోట, 1701 నాటి చర్చి, పాండ్యుల కాలపు గుడి, వాటి ముందు బంగాళాఖాతం. అయినా బండి ఆగదు. ఆగినా డ్రైవర్ 'అరగంటే సార్' అంటాడు, కోట ముందు సెల్ఫీ దిగి వచ్చేస్తారు.

ఈ ఊరిని అరగంటలో చూడలేం. పెద్దదని కాదు, చాలా చిన్నది. ఇక్కడ చూడాల్సిందంతా పొద్దున 6 నుంచి 9 లోపు, సాయంత్రం 4 నుంచి 6.30 లోపు బాగుంటుంది. యాత్రా బస్సులు వచ్చేది సరిగ్గా మధ్యలో, ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు. కాబట్టి ప్లాన్ అంతా ఒక్క రాత్రి బస చుట్టూ వేసుకోండి.

ముందు తేదీ, వారం చూసుకోండి

జనవరి, ఫిబ్రవరి అన్నిటికంటే మేలు. ఎండ ఓర్చుకోగలిగేలా ఉంటుంది, తెల్లవారుజామున గాలి చల్లగా ఉంటుంది. మార్చి మొదట్లో కూడా ఫర్వాలేదు. ఏప్రిల్, మే నెలల్లో వెళ్లాల్సి వస్తే ఒక్కటి గుర్తుపెట్టుకోండి: హైదరాబాద్ ఎండ పొడి ఎండ, చెమట ఆరిపోతుంది. అక్కడ గాలిలో తేమ ఎక్కువ, చెమట ఒంటినే ఉంటుంది. మనకు అలవాటైన వేడే అనుకుని తిరిగితే మధ్యాహ్నానికి నీరసం వస్తుంది.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలం. మనకు వానలు తగ్గే వేళకి వాళ్లకి మొదలవుతాయి. తెలుగువాళ్లు తరచూ తప్పు లెక్క వేసేది ఇక్కడే. దసరా సెలవులు, దీపావళి సెలవులు చూసుకుని టికెట్లు కొంటారు, అక్కడ దిగేసరికి వాయుగుండం. అదంతా కావేరి డెల్టా, నేల పల్లం. రెండు రోజులు గట్టిగా కురిస్తే ఊరి రోడ్ల మీద కూడా నీళ్లు నిలుస్తాయి. ఆ నెలల్లో వెళ్లక తప్పకపోతే క్యాన్సిల్ చేసుకునే వీలున్న గదే తీసుకోండి. బయల్దేరే ముందు మూడు రోజులు వాతావరణ శాఖ చెన్నై కేంద్రం బులెటిన్ చూడండి.

వారం సంగతి. కోటలోని మ్యూజియానికి శుక్రవారం సెలవు. ఇది తెలియక గురువారం రాత్రి బయల్దేరి, శుక్రవారం చూసి, శనివారం తిరునళ్ళారు వెళ్దామని వేసుకున్న ప్లాన్లు చాలా ఉంటాయి. వరస తిప్పండి. శనివారం తెల్లవారుజామునే తిరునళ్ళారులో నలతీర్థం స్నానం, దర్శనం కానిచ్చి, మధ్యాహ్నానికి తరంగంబాడి చేరండి. రాత్రి అక్కడే ఉండి ఆదివారం పొద్దున ఊరు తిరగండి. రెండూ కుదురుతాయి. మీ వారాంతానికి ఇంతకంటే మంచి వరస లేదు.

ప్రయాణం

తరంగంబాడికి రైలు లేదు. మయిలాడుతురై నుంచి వెళ్లే పాత మీటర్‌గేజ్ లైను ఎనభైల్లోనే మూతపడింది. దగ్గరి పెద్ద స్టేషన్ మయిలాడుతురై, సుమారు 30 కిలోమీటర్లు. చిదంబరం దిగినా చేరొచ్చు, అక్కడి నుంచి 50 కిలోమీటర్ల దాకా ఉంటుంది.

హైదరాబాద్ నుంచి అందరికీ తెలిసిన దారి చార్మినార్ ఎక్స్‌ప్రెస్. సాయంత్రం ఎక్కితే మర్నాడు పొద్దున చెన్నై శివారు తాంబరం. చర్లపల్లి టెర్మినల్ వచ్చాక కొన్ని రైళ్లు బయల్దేరే స్టేషన్ మారింది కాబట్టి, ఏ రైలు బుక్ చేసినా టికెట్ మీద స్టేషన్ పేరు చూసుకోండి. పాత అలవాటు కొద్దీ నాంపల్లికో, సికింద్రాబాద్‌కో ఆటో ఎక్కి రైలు పోగొట్టుకోవద్దు.

తాంబరంలో దిగాక రెండు దారులు. చెన్నై ఎగ్మూర్ నుంచి మయిలాడుతురై మీదుగా పోయే పగటి రైలు చోళన్ ఎక్స్‌ప్రెస్ తాంబరంలో ఆగుతుంది. కానీ మన రైలు గంట ఆలస్యమైతే అది వెళ్లిపోతుంది. రెండు వేర్వేరు టికెట్లు కాబట్టి రైల్వే ఏ పూచీ తీసుకోదు. అందుకని ఆ లింకును నమ్ముకోకండి, దొరికితే అదృష్టం అనుకోండి. రెండో దారి కిళాంబాక్కం బస్ టెర్మినస్. 2023 డిసెంబరు చివర్లో తెరిచారు. దక్షిణం వైపు బస్సుల్లో ఎక్కువ ఇప్పుడు అక్కడి నుంచే. తాంబరం నుంచి దగ్గరే, వండలూరు దాటగానే వస్తుంది. పాత జ్ఞాపకంతో కోయంబేడు బస్టాండుకు వెళ్తే వెనక్కి రావడానికే గంటన్నర పోతుంది. చిదంబరం, సీర్కాళి మీదుగా కారైకాల్ లేదా నాగపట్నం వెళ్లే బస్సు ఎక్కండి. ఆరేడు గంటలు పడుతుంది.

బోర్డులు తమిళంలోనే ఉంటాయి. కండక్టర్‌ని 'తరంగంబాడిలె నిక్కుమా?' అని అడగండి, ఆగుతుందా అని అర్థం. కొన్ని బస్సుల మీద తరంగంబాడి పేరు ఉండదు, పొరైయార్ అని ఉంటుంది. పొరైయార్ ఆనుకునే ఉన్న పెద్ద ఊరు. బస్టాండు, బ్యాంకులు, మందుల షాపులు అక్కడే. అక్కడ దిగినా నష్టం లేదు, ఆటోలో పది నిమిషాలు.

విమానంలో అయితే చెన్నై దిగి, ఎయిర్‌పోర్ట్ నుంచి టాక్సీ మాట్లాడుకోండి. 270 కిలోమీటర్ల పైచిలుకు. నలుగురుంటే ఖర్చు గిట్టుతుంది. తిరుచ్చి విమానాశ్రయం 160 కిలోమీటర్లే గానీ, తంజావూరు, కుంభకోణం కూడా చూసుకుంటూ రావాలనుకునేవాళ్లకే అది నప్పుతుంది.

సొంత కారులో వెళ్లేవాళ్లకు: దూరం దాదాపు 900 కిలోమీటర్లు. ఒక్క రోజులో కొట్టేద్దాం అనుకోవద్దు. నార్కట్‌పల్లి, అద్దంకి, మేదరమెట్ల మీదుగా ఒంగోలు, నెల్లూరు. మొదటి రాత్రి నెల్లూరులో ఆగండి. మర్నాడు చెన్నై ఊళ్లోకి దూరకుండా మీంజూరు, వండలూరుల మధ్య ఔటర్ రింగ్ రోడ్డు పట్టుకోండి. తర్వాత చెంగల్పట్టు, తిండివనం, పుదుచ్చేరి, కడలూరు, చిదంబరం, సీర్కాళి. ఇదంతా జాతీయ రహదారి 32. చిదంబరం దాటాక చీకట్లో డ్రైవింగ్ పెట్టుకోకండి. పొలాల మధ్య రోడ్డు, వీధి దీపాలు తక్కువ, ట్రాక్టర్లకు వెనక లైట్లు ఉంటాయని నమ్మకం లేదు.

గది ఎక్కడ

కోట ముందు మైదానాన్ని ఆనుకుని పాత బంగళాల్లో నడిచే హెరిటేజ్ హోటల్ ఉంది. గదులు కొన్నే, రేటు ఎక్కువ. శని, ఆదివారాలకు నెల ముందే చూసుకోవాలి. రాత్రి అలల చప్పుడు వింటూ పడుకుని, పొద్దున గేటు తీసుకుని ఇసుకలోకి దిగాలంటే ఆ డబ్బు పెట్టాల్సిందే. ఊళ్లో ఇంకొన్ని మామూలు వసతులున్నాయి.

కుదరకపోతే తిరుక్కడైయూర్‌లో చూడండి, ఏడెనిమిది కిలోమీటర్లు. షష్టిపూర్తి, భీమరథ శాంతి, సహస్రచంద్ర దర్శనం చేయించుకునే జంటలతో అక్కడి గుడి ఏడాదంతా కళకళలాడుతుంది కాబట్టి లాడ్జీలకు కొదవ లేదు. ఒక్కటే చిక్కు: మంచి ముహూర్తం ఉన్న రోజు అన్నీ నిండిపోతాయి, తెల్లవారుజామున మూడున్నర నుంచే మేళాలు మొదలవుతాయి. నిద్ర ముఖ్యమనుకుంటే కారైకాల్ పొండి, 15 కిలోమీటర్ల లోపే, అన్ని ధరల హోటళ్లూ ఉన్నాయి.

కారైకాల్ పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతం. అక్కడ మందు చవక, సరిహద్దు దాటించడం నేరం. పొరైయార్ దాటగానే చెక్‌పోస్టు. వచ్చేటప్పుడు బండి ఆపి డిక్కీ తీయమంటారు. 'మాకు తెలీదండీ' అంటే వినరు. కుర్రాళ్ల బృందాలు ఇది ముందే చెవిన వేసుకోవాలి.

మొదటి సాయంత్రం: నడక, కోట

మధ్యాహ్నం రెండింటికల్లా చేరి, తిని, పడుకోండి. నాలుగింటికి లేవండి.

నడక హైవే వైపు నుంచి మొదలుపెట్టండి. బస్సు దిగి సముద్రం వైపు తిరగగానే తెల్లటి నగర ద్వారం కనిపిస్తుంది. డెన్మార్క్ వాళ్ల కాలంలో ఊరి చుట్టూ గోడ ఉండేది, ఇది నేల వైపు వాకిలి. ఇప్పుడున్న రూపం 1792లో కట్టినది. పైన రాజముద్ర ఉంటుంది, తలెత్తి చూడండి. కారులో వెళ్తే ఈ ద్వారం కిందనుంచే దూసుకుపోతారు, గమనించరు కూడా. బండి బయట పెట్టి నడవమనేది అందుకే.

ద్వారం దాటగానే కింగ్ స్ట్రీట్. నేరుగా సముద్రం దాకా పోతుంది, తాపీగా నడిస్తే పది నిమిషాలు. రెండు చర్చిలు ఈ వీధిలోనే. వాటిని మర్నాటికి వదిలేసి సూటిగా చివరికి వెళ్లండి. వీధి తెరుచుకుని పెద్ద మైదానం వస్తుంది. కవాతు మైదానం అంటారు. దాని అంచున పసుపు, లేత గులాబీ కలిసినట్టుండే గోడలతో డాన్స్‌బోర్గ్ కోట.

లోపలికి వెళ్లే ముందు రెండు ముక్కలు తెలిసుంటే గోడలు వేరేగా కనిపిస్తాయి. మిరియాల వ్యాపారం కోసం డెన్మార్క్ రాజు క్రిస్టియన్ 4 పంపిన నౌకాదళాధికారి ఓవె గ్యెడ్డె 1620 నవంబరులో ఈ స్థలం కోసం ఒప్పందం రాసుకున్నాడు. ఎవరితో? తంజావూరును ఏలుతున్న రఘునాథ నాయకుడితో. మన తెలుగు రాజు. తనే తెలుగులో కావ్యాలు రాసినవాడు, కొలువు నిండా తెలుగు కవులు. తంజావూరు అనగానే పెద్ద గుడి, చోళులు అనుకుంటాం గానీ, ఈ కోట గోడ లేచింది తెలుగు దర్బారు అనుమతితో. 1845లో డెన్మార్క్ ఈ ఊరిని, బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌ని కలిపి పన్నెండున్నర లక్షల రూపాయలకు ఇంగ్లీషువాళ్లకు అమ్మేసింది. ఆ తర్వాత రేవు వ్యాపారం పడిపోయింది. ఊరు పెరగలేదు, పాత ఇళ్లు మిగిలాయి.

టికెట్టు ధర నామమాత్రమే. చిల్లర నోట్లు దగ్గర ఉంచుకోండి, కెమెరాకు విడిగా అడుగుతారు. పొద్దున 10కి తెరిచి సాయంత్రం అయిదున్నర ప్రాంతంలో మూస్తారు. మధ్యలో భోజన విరామం ఉండొచ్చు కాబట్టి ఒంటి గంట, రెండు మధ్య వెళ్లకండి. సాయంత్రం నాలుగుంబావుకి లోపలుంటే గంటకు పైగా దొరుకుతుంది, అది చాలు.

చూసే వరస ఇలా పెట్టుకోండి. ముందు కింది అంతస్తు. వంపు కప్పుల గదులు: గిడ్డంగులు, మద్యం నిల్వలు, ఖైదీల కొట్లు ఇక్కడే ఉండేవి. లోపల చీకటి, కళ్లు అలవాటు పడేదాకా ఒక నిమిషం ఆగండి. గుమ్మం దగ్గర గోడ మందం చూడండి. బయట మండుతున్నా లోపల చల్లగా ఎందుకుందో అర్థమవుతుంది. తర్వాత పైకి. గవర్నరు, మతగురువు ఉన్న భాగం పై అంతస్తే. కప్పు మీద వరసగా ఒంటె మూపురాల్లా లేచిన గుమ్మటాలు పై నుంచే బాగా కనిపిస్తాయి. మ్యూజియం చిన్నది: పింగాణీ పాత్రలు, చైనా తేయాకు జాడీలు, కత్తులు, ఈటెలు, ఫిరంగి గుండ్లు, డేనిష్ రాతప్రతులు, తిమింగలం అస్థిపంజరం ముక్క. పిల్లలు ఆ ఎముక దగ్గరే ఆగిపోతారు. వివరాల పలకలు క్లుప్తంగా ఉంటాయి, పావుగంట చాలు. మిగిలిన సమయం సముద్రం వైపు బురుజు మీద, ఫిరంగుల దగ్గర గడపండి.

దగ్గరగా ఒక చోట గోడను చూడండి. సున్నం పూత అట్టలుగా లేచి, కింద ఇటుక పొడిపొడిగా రాలుతూ, తెల్లటి ఉప్పు నూగులా పట్టి ఉంటుంది. సముద్రపు గాలిలోని ఉప్పు తేమతోపాటు ఇటుకలోకి దిగుతుంది. ఎండకి నీరు ఆవిరై ఉప్పు గడ్డకట్టి ఉబ్బుతుంది, ఆ ఉబ్బు ఇటుకను లోపల్నుంచి పగలగొడుతుంది. సున్నం గోడకు గాలి ఆడుతుంది కాబట్టి కొంత తట్టుకుంటుంది. దాని మీద సిమెంటు మెత్తితే తేమ బయటికి రాలేక గోడ ఇంకా తొందరగా పోతుంది. పాత ఇల్లున్న ఎవరికైనా ఈ సంగతి పనికొస్తుంది. చెప్పొచ్చేదేమంటే, అలా పొట్టు లేచిన చోట ఆనుకుని ఫొటోలు దిగొద్దు, చేత్తో గీరొద్దు. బట్టలకు అంటుకునేది నాలుగు వందల ఏళ్ల గోడ.

కోట మూసేశాక మైదానంలోనే ఉండండి. పడమటి ఎండ కోట నేల వైపు గోడల మీద పడేది అప్పుడే. ఊరి నుంచి కోటను ఫొటో తీయాలంటే అయిదున్నర నుంచి ఆరు దాకా. సముద్రం వైపు నుంచి తీయాలంటే ఆ వేళ నీడలో ఉంటుంది, దానికి పొద్దున రావాలి. ఏసీ గదిలోంచి ఫోను తీసుకుని నేరుగా బయటికొస్తే లెన్సు మీద మంచు పడుతుంది. పది నిమిషాలు జేబులో ఉంచి, తర్వాత మెత్తని గుడ్డతో తుడవండి. చొక్కా కొంగుతో రుద్దితే దాని మీది ఉప్పు, ఇసుక లెన్సును గీస్తాయి. అనుమతి కాగితం లేకుండా డ్రోన్ ఎగరేయొద్దు.

తెల్లారి: తీరం

జనవరిలో సూర్యోదయం ఆరున్నర దాటాక, మే చివర్లో 5.45 ప్రాంతంలో. అరగంట ముందే ఇసుక మీద ఉండండి. మబ్బు రంగులు ఆ అరగంటలోనివే. సూర్యుడు పైకి వచ్చాక గంటసేపు కోట తూర్పు ముఖం వెలుగుతుంది.

తీరం వెంట ఉత్తరానికి నడిస్తే నీటి అంచున మాసిలామణినాథర్ గుడి. పాండ్య రాజు మారవర్మ కులశేఖరుడి కాలంలో 1306లో కట్టిన శివాలయం. ముందు భాగాన్ని సముద్రం తినేసింది. కట్టినప్పుడు తీరం ఇంకా ఎంతో ముందుకు ఉండేది, కోత మెల్లగా గుడిదాకా వచ్చింది. ఇప్పుడు అడ్డంగా బండరాళ్లు పోశారు. ఆ రాళ్ల మీద పాచి ఉంటుంది, చెప్పులతో ఎక్కితే జారతారు. ఫొటో కోసం రాళ్ల చివరికి పోకండి. ఏడు అలలు చిన్నవి వచ్చి ఎనిమిదోది నడుం దాకా కొట్టే తీరం ఇది.

స్నానం గురించి సూటిగా చెప్పాలి. ఇక్కడ ఈత కొట్టొద్దు. మోకాళ్ల దాకా, అది కూడా చేతులు పట్టుకుని, పిల్లల్ని ఒడ్డు వైపు ఉంచి. కారణాలు ఇవీ. ఒడ్డు నిటారుగా దిగుతుంది, నాలుగడుగులు వేస్తే నడుం లోతు. అల ఒడ్డునే విరిగి, వెనక్కి పోయేటప్పుడు కాళ్ల కింది ఇసుకను లాక్కుపోతుంది. కాపలా ఉండి కాపాడేవాళ్లు ఉంటారని అనుకోవద్దు. రాళ్ల గుట్టలు ఉన్న చోట వాటి పక్కనే లోపలికి లాగే ప్రవాహం బలంగా ఉంటుంది. బయటికి ప్రశాంతంగా కనబడే చోటే ప్రమాదం: అటూ ఇటూ అలలు విరుగుతూ, మధ్యలో ఒక పట్టీ మాత్రం నురుగు లేకుండా, నీళ్లు కాస్త మడ్డిగా ఉందంటే అది వెనక్కి లాగే దారి. కొత్తవాళ్లు 'ఇక్కడ అలలు లేవు' అని సరిగ్గా అక్కడే దిగుతారు. చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదొద్దు, అలిసిపోయి మునుగుతారు. వెల్లకిలా తేలి ఊపిరి తీసుకోండి, చెయ్యెత్తి పిలవండి, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదండి. ఒడ్డున ఉన్నవాళ్లు వెంట దూకకుండా తాడో, ఖాళీ డబ్బానో విసిరి, మత్స్యకారుల్ని కేకేయాలి.

పోటు, పాటు చూసుకుని వెళ్లాల్సిన అవసరం పెద్దగా లేదు. ఈ తీరంలో ఆ తేడా మీటరు లోపే. గాలి, దూరపు తుఫాను అలలే లెక్క. మత్స్యకారుల పడవలు ఇసుకలోనే లాగి ఉన్నాయంటే, వాళ్లే వెళ్లలేదంటే, మీరు కాళ్లు కూడా తడుపుకోవద్దు. 2004 డిసెంబరు 26న సునామీ ఈ ఊరిని కొట్టింది, ఇక్కడివాళ్లు సముద్రం గురించి ఒక మాట చెబితే ఎదురు చెప్పకుండా వినండి.

జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఈ తీరంలో గుడ్లు పెడతాయి. రాత్రి ఇసుక మీద టార్చి కొట్టుకుంటూ తిరగడం మానండి. తాబేలు కనిపిస్తే దూరంగా ఆగి, లైటు ఆర్పండి.

టిఫినయ్యాక: వీధులు

ఎనిమిదికి ఇడ్లీ, పొంగల్, ఫిల్టర్ కాఫీ. తొమ్మిదికల్లా వీధిలో ఉండండి, పదిన్నరకి నీడ వెతుక్కోవాల్సి వస్తుంది.

కింగ్ స్ట్రీట్‌లో సియోన్ చర్చి 1701లో మొదలైంది. మన దేశంలో తొలి ప్రొటెస్టెంట్ చర్చి ఇదే అంటారు. న్యూ జెరూసలేం చర్చిది 1718. దాని ముందు గోడ మీద కిరీటం, కింద అల్లుకున్న అక్షరాలు కనిపిస్తాయి, డెన్మార్క్ రాజు ఫ్రెడరిక్ 4 గుర్తు అది. కట్టించిన బార్తొలొమియస్ జీగెన్‌బాల్గ్ సమాధి లోపలే. 1706 జూలైలో తోటి బోధకుడు ప్లూట్షౌతో కలిసి ఇక్కడ దిగిన జర్మన్ మతబోధకుడు ఆయన. యూరప్ నుంచి తెప్పించిన అచ్చుయంత్రం మీద 1715కల్లా తమిళంలో బైబిలు కొత్త నిబంధన అచ్చువేయించాడు. 1719లో పోయాడు, ముప్పయి ఆరేళ్లకే. అచ్చు చరిత్ర మీద మనసున్నవాళ్లు ఆయన పేరిట ఉన్న మ్యూజియం తప్పక చూడండి.

ఇందులో మనకూ వాటా ఉంది. జీగెన్‌బాల్గ్ మొదలుపెట్టిన మతప్రచార మిషన్‌కే 1719లో వచ్చిన మరో జర్మన్ బోధకుడు బెంజమిన్ షుల్జె, 1726లో మద్రాసుకు మారి తెలుగు నేర్చుకున్నాడు. తర్వాత జర్మనీ తిరిగి వెళ్లి, హాలే పట్టణంలో 1746, 47లలో తెలుగు పుస్తకాలు అచ్చువేయించాడు. తెలుగు అచ్చు పుస్తకాల చరిత్ర మొదలుపెట్టేవాళ్లు సాధారణంగా అక్కడే మొదలుపెడతారు. ఆ దారి ఈ వీధిలోంచే పోయింది.

చర్చిలు రెండూ నడుస్తున్నవే. ఆదివారం పొద్దున ఆరాధన జరుగుతుంటే పూర్తయ్యేదాకా బయట ఆగండి, కెమెరా తీయొద్దు. మామూలు రోజుల్లో తలుపు వేసుంటే పక్కనున్న వాచ్‌మన్‌ను అడిగితే చాలావరకు తీస్తారు. తర్వాత పక్క వీధులు: క్వీన్ స్ట్రీట్, గోల్డ్‌స్మిత్ స్ట్రీట్. చెక్క స్తంభాల అరుగులున్న తమిళ ఇళ్లు ఇక్కడ బాగుచేసి ఉంచారు. అవి మనుషులు ఉంటున్న ఇళ్లు. అరుగు మీద కూర్చునే ముందు అడగండి. 1784 నాటి గవర్నరు బంగళాను కోట ఎదురుగా బయటి నుంచైనా చూసి వెళ్లండి.

తిండి, డబ్బు, నీళ్లు

ఊళ్లో పెద్ద హోటళ్లు లేవు. భోజనం ఒంటి గంటకే కానివ్వండి, రెండున్నర దాటితే మిగిలేది సాంబారే. వడ్డించేది ఎక్కువగా ఉప్పుడు బియ్యం అన్నం. అలవాటు లేని పెద్దవాళ్లకు పడదు, వాళ్లకు ఇడ్లీ, పెరుగన్నం మేలు. పచ్చడి సీసా వెంట ఉంటే గొడవే లేదు. చేపల కోసం వచ్చేవాళ్లు గమనించాల్సింది: ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం. ఆ రోజుల్లో వంజరం దొరికినా ఐసుదే, ధర మాత్రం తాజా చేపది. సాయంత్రం పరోటా, దాని మీదికి పోసే మసాలా పులుసు సాల్నా ఎక్కడైనా దొరుకుతుంది.

మనిషికి రెండు లీటర్ల నీళ్లు, ఓఆర్ఎస్ పొట్లాలు రెండు, టోపీ. ఇసుకకు పట్టీలున్న చెప్పులు. గుడిలోకి వెళ్లాలంటే మోకాళ్లు కప్పే బట్టలు. ఫోన్‌పే చాలాచోట్ల నడుస్తుంది గానీ ఆటోకు, కోట టికెట్టుకు నగదు ఉంచుకోండి. కారులో వెళ్లినవాళ్లు ఇంటికి చేరగానే అడుగు భాగం మంచినీళ్లతో కడిగించండి, ఉప్పు పట్టి తుప్పు మొదలయ్యేది అక్కడే.

ఇంకో పూట మిగిలితే, తిరుగు ప్రయాణం

పూంపుహార్ ఉత్తరాన ఇరవై కిలోమీటర్ల పైన. కావేరి సముద్రంలో కలిసే చోటు, పాత చోళుల రేవు. పేరు చూసి భారీ శిథిలాలు ఊహించుకుంటే నిరాశే, చూడాల్సింది సంగమం. దారిలోనే కీళపెరుంపళ్ళం. నవగ్రహ యాత్రలో ఉన్నవాళ్లు వైదీశ్వరన్ కోయిల్ కూడా కలుపుకోవచ్చు. వేళాంకణి దక్షిణంగా సుమారు 45 కిలోమీటర్లు, నాగూరు దానికంటే ముందే వస్తుంది.

తిరిగి వచ్చేటప్పుడు ఒక చిక్కుంది. మయిలాడుతురైలో రాత్రి రైలు ఎక్కితే తాంబరం తెల్లవారుజామునే చేరతారు, హైదరాబాద్ వచ్చే చార్మినార్ సాయంత్రం గాని లేదు. పగటి రైలు పట్టుకుని వస్తే సాయంత్రపు రైలు అందకపోవచ్చు. కాబట్టి రాత్రి రైలే ఎక్కి, స్టేషన్‌లో రిటైరింగ్ రూమ్ ముందే బుక్ చేసుకుని చెన్నైలో ఒక పగలు గడపండి, లేదా మధ్యాహ్నం విమానం తీసుకోండి. తరంగంబాడి నుంచి మయిలాడుతురై బస్సుకు గంట పడుతుంది. చివరి బస్సు మీద ఆశ పెట్టుకోకుండా రైలుకు మూడు గంటల ముందే ఊరు వదలండి. రాత్రి తొమ్మిది దాటితే అక్కడ ఆటో దొరకడం కష్టం, దొరికినా అడిగినంత ఇవ్వాల్సిందే.